వేడిగదిలో అత్తమ్మ

నవాగామ్, సూరత్.

విజయశ్రీ వదినకు,

"మా అమ్మను గట్ల ఉడకవెడ్తవా? రేపటి సంది మాన్పియ్యి" అని మీరు ఫోన్‌లో కోప్పడ్డారు. పక్కనే ఉన్న మీ తమ్ముడికి ఫోన్ ఇచ్చేశాను. నా జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

నడుం నొప్పికని వేడిగదిలో యోగాకు చేరింది నేను. అత్తమ్మ తోడుగా వచ్చింది. తలుపులు మూసి, హీటర్లు పెట్టి చేయిస్తారు. రెండో వారానికే మానేద్దామనుకున్నాను. కానీ రోజూ తెల్లవారేసరికి ఆమె కొంగు దోపుకొని గుమ్మంలో నిలబడేది. సిగ్గుపడి నేనూ బయలుదేరేదాన్ని.

నిన్న మా అవస్థ చూసి టీచరు పంకా వేసింది. అత్తమ్మ గబుక్కున లేచి ఆపేసింది. "పంకా బంద్ వెట్టున్రి, దారం తెగుతది!" గాలికి దారం తెగుతుందని పంకా వెయ్యని సాంచాల కార్ఖానాలో, మరమగ్గాల నడుమ, ఏళ్ల తరబడి దారపు కండెలు చుట్టిన అలవాటు కదా. అందరం నవ్వాం, ఆమె కూడా నవ్వింది.

ఆఖర్న అందరినీ కాసేపు పడుకోబెడతారు. ఇంత వేడి ఎలా ఓర్చుకుంటున్నావని తిరిగొస్తూ ఆటోలో అడిగాను.

"గా ఉడుకుల ఇన్నేండ్లు నిలవడ్డ బిడ్డా. కండ్లు మూసుకొని జర పండుకో అన్నోళ్లు ఈడనే దొరికిన్రు."

వదినా, మాన్పించాలంటే మీరే వచ్చి ఆమెకు చెప్పండి. కాస్త పెందలాడే రండి. తెల్లవారితే మేమిద్దరం ఇంట్లో ఉండం.

మీ మరదలు