అల్మారా వెనక పైపు

అత్వెల్లి, బుధవారం

నాయినా, నాకేమీ కాలేదు. ఫోన్‌లో అయితే ఏడుస్తానని కార్డు రాస్తున్నాను.

షామీర్‌పేట సుధాకర్ గారి కారవాన్ బండి, అదే మంచం, వంటగది ఉన్న వ్యాను, రిపేరుకు మా షెడ్డుకు వచ్చింది. అందులో వంట అల్మారాల సన్‌మైకా పొరలుగా లేచిపోయింది. నిన్న హీట్ గన్‌తో వేడిచేసి ఊడదీస్తుంటే గుప్పున గ్యాసు వాసన వచ్చింది. వెనక మంచం మీద ఆయన తల్లి సత్యమ్మ పడుకుని ఉంది. గన్ను ఆపి, "అవ్వా, జల్దీ లే!" అని అరిచాను.

"మోకాళ్లు లేస్తలేవు బిడ్డా, నువ్వు పో" అంది.

ఆమెను వీపున వేసుకుని దిగాను. సిలిండరు కట్టేశాక చూస్తే, నా గన్ను వేడికే అల్మారా వెనక గ్యాసు రబ్బరు పైపు కరిగింది. తప్పు నాదేనని సుధాకర్ గారికి చెప్పాను.

"సూసుకోవా? ఇగ నువ్వు నా బండి ముట్టకు" అన్నాడాయన.

సత్యమ్మ ఊరుకోలేదు. "గా పిల్ల నన్ను ఇడిసిపెట్టి పోలే. గీ పని గామెనే జేస్తది" అంది.

ఇవాళ అల్మారా వెనక చెయ్యి పెట్టి తడిమి చూశాకే పని మొదలుపెట్టాను. చేత్తోనే గీకుతున్నాను. నువ్వు వాడే వెడల్పు బ్లేడు మేడ్చల్ బస్సులో పంపు. నీ దగ్గు తగ్గిందా? అమ్మకు మాత్రం పని బాగా సాగుతోందని చెప్పు, చాలు.

నీ బిడ్డ భవిత