రంగియోరా ఆకు తెల్లవైపు

తామతికి,

హూయా ప్రేమతో రాసేది. ఇక్కడ నేను, మీ హెనీ పిన్ని, గుర్రం, రెండు కుక్కలు క్షేమం. శానిటోరియంలో నీ దగ్గు తగ్గిందన్న ఉత్తరం చదివి పొయ్యి దగ్గరే కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే.

నువ్వు అడిగినవాటికి జవాబులు. పైకప్పు కారడం లేదు. గుర్రం ఇంకా కరుస్తూనే ఉంది. రంగియోరా పొదలు పూశాయి, వాగు దాకా దారంతా మీగడ రంగు గుత్తులే. మొన్న హెనీ పిన్ని వచ్చి, "ఏమే, ఒక్కదానివి ఇంత కుండెడు వండావు, దయ్యాలను భోజనానికి పిలిచావా?" అంది. నవ్వేశాను. ఆవిడ వెళ్ళాక మిగిలింది కుక్కలకి పెట్టాను. ఇల్లు చాలా పెద్దదైపోయింది, తామతీ.

వచ్చే నెల పంపించేస్తారని రాశావు. "మునుపటిలా ఆకులు విరిచి పెడతావుగా?" అని అడిగావు. నువ్వు పందుల వేటనుంచి పొద్దుపోయి వచ్చే రోజుల్లో, దారిపొడవునా రంగియోరా ఆకులు విరిచి, అడుగున ఉండే తెల్లవైపు కనబడేలా వేలాడదీసేదాన్ని. చీకట్లో ఆ తెలుపు పట్టుకుని నువ్వు ఇల్లు చేరేవాడివి. "మనిషి వస్తున్నాడంటేనే విరవాలి, వచ్చాక తుంచెయ్యాలి" అని నాకు నేర్పింది మామయ్యే.

మామయ్య చేపల బుట్ట చూడబోయి వాగులో జారి పోయాడని నీకు రాశాను. బుట్ట సంగతి అబద్ధం. ఆ సాయంత్రం నాకు ఇంట్లో ఊపిరాడలేదు. నువ్వు రావని తెలిసీ వాగు దాకా ఆకులు విరుచుకుంటూ పోయాను. తుంచకుండానే ఇంటికొచ్చాను. కాసేపటికి మామయ్య గుమ్మంలోంచి కేకేశాడు.

"హూయా, లేవే! మావాడొస్తున్నాడు! ఆకులు విరిచున్నాయి, నువ్వు చూళ్ళేదా?"

ఆయన మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. "నేనే విరిచాను" అనడానికి సిగ్గేసింది. వాగు పొంగి ఉంది, చూసి తనే తిరిగొస్తాడులే అనుకున్నాను. కర్ర కూడా మరిచి, నీకు ఎదురెళ్ళాడు.

మరాయె చావడిలో మూడు రోజులూ మామయ్య శవం పక్కనే కూర్చున్నాను. వచ్చినవాళ్ళందరూ నా ముక్కుకి ముక్కు ఆనించి పలకరించి, మంచి కోడలివన్నారు. ఒక్కరికీ చెప్పలేదు.

ఈ కవరులో ఒక ఆకు పెడుతున్నాను. విరిచింది కాదు, రాలింది. తెల్లవైపు ఖాళీగా ఉంది. నువ్వొచ్చే రోజు నేను ఆకులు విరవాలో వద్దో దానిమీద రాసి పంపు. అది తిరిగి రాకపోతే హెనీ పిన్ని ఇంటికి వెళ్ళిపోతాను. నువ్వు మాత్రం పగటిపూటే రా.

ఇట్లు,
నీ భార్యననే ఇంకా అనుకుంటున్న
హూయా