కాలవ వంతెనకు కడ్డీలు

ఏమండీ,

మీరు పోయి రేపటికి ఏడాది. ఈ ఉత్తరం మీకు చేరదని తెలిసే రాస్తున్నాను.

ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబుల్లో తెలుగు టైపు చేయడం నేర్పిస్తున్నాను. "ఊళ్లో ఏది మారాలో మీరే రాసి, ఫోటో తీసి, ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి" అని వాళ్లకు చెప్పాను. పిల్లలు కడ్డీలు లేని కాలవ వంతెనను ఎంచుకున్నారు. మీరు బండితో సహా పడిపోయింది అక్కడే. వద్దనడానికి నాకు నోరు రాలేదు.

మొదట అందరూ "వంతెన చానా డేంజర్, అధికారులు స్పందించాలి" అనే రాశారు. కళ్లతో చూసింది రాయమన్నాను. మర్నాడు కావ్య ట్యాబు నా చేతికిచ్చి తల వంచుకుంది. "మా టీచర్ రోజూ వంతెన దగ్గర స్కూటీ దిగి, తోసుకుంటూ దాటుతుంది. దాటాక కాసేపు నిలబడి, మళ్లీ ఎక్కుతుంది" అని ఉంది.

నన్నెవరూ చూడటం లేదనుకున్నానండీ.

"తీసేయమంటారా టీచర్?" అంది.

"ఉంచమ్మా" అన్నాను.

గ్రూపులో పెట్టాక, సాయంత్రానికల్లా అది చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగింది. మర్నాడు సర్పంచి గారు బడికొచ్చి, "ఏందమ్మా, పిల్లల చేత ఊరి పరువు తీయిస్తన్నావు?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే కావ్య లేచింది. "అందులో అబద్ధం ఏముందో చెప్పు బాబాయ్, తీసేస్తాం."

ఆయన ట్యాబు తీసుకుని మొత్తం చదివారు. ట్యాబు కావ్య చేతికిచ్చి వెళ్లిపోయారు.

ఈ వారం వంతెనకు రెండు వైపులా ఇనుప కడ్డీలు బిగించారు. ఇవాళ పసుపు రంగు వేశారు. మీరు పడిన చోట ఆగి, గట్టిగా పట్టుకుని చూశాను. రంగు ఇంకా ఆరలేదు, అరచేతికంతా అంటుకుంది. కడుక్కోకుండానే మీకిది రాస్తున్నాను.