గట్టు మీద ఎర్ర చుక్కలు

గనుల బడి, క్లౌస్టాల్,
1827 మే 9, బుధవారం.

పూజ్యులైన నాన్నగారికి,

గనివాళ్ళ పద్ధతిలో ముందుగా ‘గ్లూక్ ఔఫ్’ చెప్పి, మీ మోకాలి నొప్పి తగ్గి ఉంటుందని తలుస్తూ లోరెంట్స్ నమస్కరించి రాస్తున్నాడు. ఇక్కడ నేను కులాసా. మర్యాదలు అయ్యాయి కాబట్టి ఇక అడుగుతాను: మీకేమైంది నాన్నా?

హెడ్విగ్ పిన్ని ఉత్తరం నిన్న అందింది. మన కాలువ గట్టు కారి నీళ్ళన్నీ లోయలోకి పోయాయట. కాలువ ఎండితే గనిలో నీళ్ళు తోడే చక్రం తిరుగుతుందా? అడుగు సొరంగంలో నడుము లోతు నీళ్ళట. నలభైమంది పని లేక ఇళ్ళలో కూర్చున్నారట. శనివారం విచారణ. మీ ఇరవై ఆరేళ్ళ కాలువ కావలి పని, దాంతోపాటు మన ఇల్లు, రెండూ పోతాయట. అయినా మీరు నోరు విప్పరు!

రొట్టెల కొట్టు దగ్గర జనం మిమ్మల్ని చూసి, ‘యోబ్స్ట్‌కి బీరు చాలక కాలువ కూడా తాగేశాడ్రా’ అని నవ్వుకున్నారట. పండగ నాడైనా గుక్కెడు తాగని మనిషిని పట్టుకుని! మీరేమో టోపీ సర్దుకుని వచ్చేశారట.

అధికారి ష్టైన్‌హోఫ్ గారు గట్టుకు చిల్లులెలా పడ్డాయని అడిగితే, ‘ఎలుకలండీ’ అన్నారట. చిల్లులేమో వరసగా, పన్నెండు అంగలకు ఒకటి చొప్పున ఉన్నాయట. ‘మీ ఎలుకలు ఏ బళ్ళో చదివాయయ్యా?’ అని ఆయన వెక్కిరిస్తే, ‘మా ఎలుకలు తెలివైనవండీ’ అన్నారట. హాస్యాలాడే వేళా ఇది?

అన్నిటికన్నా నా ఒళ్ళు మండింది పటం సంగతికి. ఈస్టరు సెలవుల్లో వారం రోజులు వానలో తడిసి కాలువ వాలు కొలిచి గీశాను. మా మాస్టారు దాన్ని తరగతి గోడకు తగిలించారు. కాలువ వాలులో వెంట్రుకవాసి తేడా లేదనడానికి, మీ కాపుదల ఎంత బాగుందో చెప్పడానికి అదే సాక్ష్యం. మీకిచ్చిన నకలు అధికారికి చూపించమని పిన్ని అంటే పొయ్యిలో పెట్టారట! నీళ్ళు కారకుండా గట్టు లోపల పరిచిన పచ్చిక పొరకు చిల్లు పడుతుందని, కుంటుతూ కూడా చేతికర్ర పట్టని మీరు, కొడుకు కష్టాన్ని మంటల్లో వేస్తారా?

శనివారమైనా నిజం చెప్పండి.

మీ మీద అలిగిన కుమారుడు,
లోరెంట్స్

తా.క. సంతకం చేశాక, ఉత్తరంతోపాటు పిన్ని పంపిన రొట్టె మూట విప్పాను. అందులో గుడ్డలో చుట్టిన ఇనప మొన ఉంది. ‘గట్టులో దొరికిందని మీ నాన్న గూట్లో దాచాడు. నీ కొలత కర్రదేమోనని పంపుతున్నాను’ అని పిన్ని చీటీ.

వెళ్ళి గోడ మీది పటం ముందు నిలబడ్డాను. వాలు కొలవడానికి గట్టులో కర్ర పాతిన ప్రతి చోటా నేనే పెట్టిన ఎర్ర చుక్క. పన్నెండు అంగలకు ఒకటి.

మాస్టారికి చెప్పేశాను. నన్ను బళ్ళో ఉంచేదీ లేనిదీ విచారణ తర్వాత తేలుస్తారట. శుక్రవారం సాయంత్రానికి ఇంటికి వస్తాను. ఈ ఉత్తరం నాకంటే ముందు చేరితే పొయ్యి ఆర్పేసి ఉంచండి. గోడ మీది పటం నాతో తెస్తున్నాను.