చివరి గడిలో మీరు రాసిన మాటలు

మహమూద్ సార్‌కు,

మీరు కన్నుమూసి నేటికి ఏడాది. వికారాబాద్, తాండూర్, పెద్దేముల్ బడుల గ్రంథాలయ జాబితాలన్నీ ఇప్పుడు ఒకే సాఫ్ట్‌వేర్‌లో కలిశాయి. అది అందరికీ ఉచితం. అవసరమైతే మనమే మార్చుకోవచ్చు.

తాండూర్ బడిలో మీరు జీవితమంతా రాసిన పుస్తకాల రిజిస్టరును, ఈ జాబితాలు కలిపే పని చూసిన నేనే అందులోకి ఎక్కించాను. చివరనుండే రిమార్కుల గడిలో అందరూ చిరిగిందనో పోయిందనో రాస్తారు. మీరు మాత్రం ఆ పుస్తకం ఎవరికి ఇవ్వాలో రాశారు: "లెక్కలంటే భయపడే బిడ్డకు", "కొత్తగా బడి మారిన పిల్లలకు".

"గవన్నీ ఎందుకు మేడం? పేరు, నంబరు సాలు. సాఫ్ట్‌వేర్ల గా గడే లేదు," అన్నాడు పెద్దేముల్ బడి గ్రంథాలయం చూసే యాదయ్య.

లేదు గనుకనే ఆ గడిని చేర్చాను. పక్షం రోజులు పట్టింది.

నిన్న నేను పెద్దేముల్ బడిలో ఉండగా ఒక అమ్మాయి "లెక్కలు, భయం" అని వెతికింది. తాండూర్‌లోని పుస్తకమొకటి తెరపైకి వచ్చింది. దాని కింద మీ పేరుతో ఉన్న మాట చదివి, ఆశ్చర్యంగా యాదయ్య వైపు తిరిగింది.

"గీ సారుకు నా సంగతి ఎట్ల ఎరుక?"

యాదయ్య తన రిజిస్టరు తెరిచి, ఇన్నాళ్ళూ ఖాళీగా ఉంచిన చివరి గడిలో రాయడం మొదలుపెట్టాడు.