ఆగిన మగ్గాలు

చిట్టితల్లీ,

పేరైనా పెట్టకముందే పోయావు. నువ్వు కడుపులో ఉండగా ఏడో నెలలో జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే మగ్గానికి నూలు కండెలు చుట్టిన అలసట అనుకున్నాం. డెంగీ అని తేలేసరికి నీ కదలిక ఆగింది.

ఈసారీ ఏడో నెలే. పొద్దున నా ఒళ్లు కాలిపోతుంటే మీ నాయనమ్మ, "కండెలు చుట్టుడు ఎక్కువైంది, జర పండుకో బిడ్డా" అంది. మీ బాపు వినలేదు. "మగ్గాలు బంద్. దవాఖానకు పోదాం నడువు" అన్నాడు.

హుజూరాబాద్‌లో రక్తం తీసుకున్నారు, రిపోర్టు ఇంకా రాలేదు. నర్సమ్మ పొట్ట మీద మిషన్ పెట్టి చాలాసేపు వెతికింది. చివరికి నీ చెల్లిదో తమ్ముడిదో గుండెచప్పుడు వినిపించింది. మీ బాపు గోడవైపు తిరిగాడు.

నీకోసం మేం ఒక్క పూట కూడా మగ్గాలు ఆపలేదు.