ఎండకు ఎవ్వలు సావని ఊరు

బాపూ,

నువ్వు పోయి ఏడాదాయె. మళ్ల యాసంగి వడ్లు వచ్చినయి. మంథని తొవ్వల గా కొనుగోలు కేంద్రం కాడ, నువ్వు పడిపోయిన జాగల ఇయ్యాల ఎవలదో కుప్ప పోసి ఉన్నది. నీడకు ఒక్క రేకు కూడ లేదు. వడ్లల్ల తేమ చూసే మిషన్ ఉన్నది గని, మనిషి ఒంట్ల వేడి చూసేటోడే లేడు.

పొద్దున పంచాయతీకి జిల్లా నుంచి ఒక మేడం వచ్చింది. ఎండల నుంచి మనుషులను కాపాడేటందుకు ఊరూరికి ప్లాన్ రాస్తున్నరట. వడదెబ్బతోని ఎక్కువ మంది పోయిన ఊర్లకే ముందుగాల నీడ షెడ్లు ఇస్తరట.

"మా ఊర్ల ఎవ్వలు లేరు మేడం" అన్నడు సెక్రెటరీ. ఆమె లెక్కల సున్న పెట్టింది.

నాకు ఇగ కూసుండబుద్ధి కాలే. ఆ దినం నీ ఒళ్లు పెనం లెక్క కాలుతుంటె పట్టుకున్నది నేనే. వడదెబ్బ అంటే పోస్టుమార్టం చేస్తరు, నిన్ను కోస్తరని భయపడి, గుండెపోటని రాయించింది గూడ నేనే.

లేచి గదే చెప్పిన.

"కాయితంల గుండెపోటని ఉన్నది గదా" అన్నడు సెక్రెటరీ.

"గది నేనాడిన అబద్ధం. రాసుకోండ్రి మేడం" అన్న.

ఆమె సున్న కొట్టెయ్యలే. పక్కకు పెన్సిల్‌తోని నీ పేరు రాసుకొని "చూస్తానమ్మా" అన్నది.

రేపు మండల ఆఫీసుకు పోత. ఆ దినం నీ మీద నీళ్లు గుమ్మరించిన హమాలీలను గూడ సాక్ష్యానికి తీస్కపోత. పెన్సిల్‌తోని రాసింది చెరిపితె పోతది గద, బాపూ.